నాందేడ్ రోడ్డు మీద గేర్ల చరిత్ర

హైదరాబాదు నుంచి నాందేడ్ పోయే రోడ్డు సంగారెడ్డి, జోగిపేట, నిజాంపేట దాటి పిట్లం చేరుతుంది. అక్కడి నుంచి మద్నూర్ మీదుగా దెగ్లూరు వైపు మహారాష్ట్రలో అడుగు పెడుతుంది. ఇవాళ దాని పేరు 161వ నంబరు జాతీయ రహదారి. పిట్లానికి రైలు లేదు. 1900 ప్రాంతంలో నిజాం రాజ్యంలో వేసిన గోదావరి లోయ రైలు మార్గం కామారెడ్డి, నిజామాబాదు, బాసర మీదుగా నాందేడ్ వెళ్లింది. పిట్లం, బిచ్కుంద, జుక్కల్ ఆ పట్టాలకు దూరంగానే ఉండిపోయాయి. పెళ్లివారు కదలాలన్నా, ఆడబిడ్డను పురిటికి తెచ్చుకోవాలన్నా, బాన్సువాడ ఆసుపత్రికి పరుగెత్తాలన్నా ఇక్కడ రోడ్డే దిక్కు.

ఈ ప్రాంతపు రోడ్ల మీద తొంభై ఏళ్లలో ఎన్నో తరాల గేర్ బాక్సులు తిరిగాయి. బస్సు, జీపు, అంబాసిడర్, మారుతి, ఆ తర్వాత క్లచ్ పెడలే లేని కార్లు. ప్రతి తరానికీ తనదైన జబ్బు ఉంది, ఆ జబ్బును పట్టే పద్ధతి ఉంది, అది రాకుండా చూసుకునే అలవాటు ఉంది. చిక్కల్లా బండ్లు మారినంత తొందరగా అలవాట్లు మారకపోవడమే. గేరు పడటం లేదంటూ షెడ్డుకు వచ్చిన పాత కారు కథ తవ్వితే, చాలాసార్లు వయసు కన్నా ముందు ఒక అలవాటు బయటపడుతుంది. అంతకు ముందు తరం బండికి మేలు చేసిన అలవాటే ఈ బండిని దెబ్బ తీసి ఉంటుంది.

ఆల్బియన్ బస్సు, డబుల్ క్లచ్

నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో రోడ్డు రవాణా శాఖ తెరిచింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ప్రభుత్వమే బస్సులు నడపడం మన దేశంలో అప్పటికి కొత్త సంగతి. ఆ తొలి బస్సులు స్కాట్లాండ్‌కు చెందిన ఆల్బియన్ కంపెనీవి. పిట్లం పక్కనే మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట అప్పుడప్పుడే పూర్తయింది. 1923లో మొదలైన ఆ పని 1931 నాటికి ముగిసింది. నీళ్లొచ్చాక చెరకు వచ్చింది, 1930ల చివర బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, వాటి వెంట లారీలు వచ్చాయి. రైల్వే కింద ఉన్న బస్సుల శాఖ 1951లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వెళ్లింది. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడింది.

ఆ తొలి బస్సుల కాలపు గేర్ బాక్సును ఇంగ్లీషువాళ్లు క్రాష్ బాక్స్ అనేవారు. 1890లలో ఫ్రాన్స్‌లో పనార్ ఎ లెవసోర్ కంపెనీ వాడుకలోకి తెచ్చిన ఏర్పాటు అది. లోపల షాఫ్టుల మీద పళ్ల చక్రాలుంటాయి. గేరు మార్చడమంటే ఒక చక్రాన్ని జరిపి ఇంకొక దాని పళ్లలో ఇరికించడమే. ఒకటి ఇంజిన్ వేగంతో, ఇంకొకటి టైర్ల వేగంతో తిరుగుతుంటాయి. రెండూ ఒక్క వేగానికి వస్తేనే పళ్లు కలుస్తాయి. లేదంటే గర్రుమని రాసుకుంటాయి. రాసుకున్న ప్రతిసారీ పంటి అంచు ఇంత అరుగుతుంది, ఆ ఇనుప పొడి నూనెలో కలుస్తుంది, ఆ నూనె బేరింగులను తింటుంది.

ఆ వేగాలను కలపాల్సిన వాడు డ్రైవరే. అందుకు పుట్టిన విద్యే డబుల్ క్లచ్. పై గేరుకు పోవాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్ వదలాలి, ఇంజిన్ వేగం తగ్గాక మళ్లీ తొక్కి గేరు వేయాలి. కింది గేరుకు దిగాలంటే న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ ఒక్క పోటు పొడిచి, మళ్లీ తొక్కి వేయాలి. వెనక సీట్లో కూర్చున్న ప్రయాణికులు కూడా చప్పుడును బట్టే డ్రైవర్ పనితనం లెక్కగట్టేవారు.

అమెరికాలో కాడిలాక్ కంపెనీ 1928లోనే సింక్రోమెష్ తెచ్చింది. పళ్లు కలిసే ముందే రెండు చక్రాల వేగాన్ని సమం చేసే చిన్న ఇత్తడి రింగు అందులోని కీలకం. కదిలే ఎద్దుల బండి ఎక్కేవాడు ముందు దానితో పాటు నాలుగడుగులు పరుగెత్తినట్టు, ఆ రింగు చక్రాన్ని రాసుకుంటూ దాని వేగాన్ని అందుకుంటుంది. ఆ తర్వాతే పళ్లు జారి కూర్చుంటాయి. కార్లకు తొందరగా వచ్చిన ఈ సౌకర్యం బస్సులకు, లారీలకు చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా మన దగ్గర భారీ బండ్ల మీద చేయి తిరిగిన డ్రైవర్లందరూ డబుల్ క్లచ్ బడిలో చదువుకున్నవారే. వాళ్ల పక్క సీట్లో కూర్చుని క్లీనర్లు నేర్చుకున్నారు.

జీపు: ఎగిరిపోయే సెకండ్ గేరు

మహీంద్రా సంస్థ 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు పల్లెలకు అదే కారు, అదే బస్సు, అదే అంబులెన్సు. తారు లేని దారుల్లో ఊరూరికీ తిరిగే షేర్ జీపులో లోపల కూర్చున్నవాళ్లకు తోడు వెనక వేలాడేవాళ్లూ ఉండేవారు.

పాత జీపుకు మూడే గేర్లు. సెకండ్‌కు, థర్డ్‌కు సింక్రో ఉంటుంది, ఫస్ట్‌కు ఉండదు. దానికి పేరుపడ్డ జబ్బు సెకండ్ గేరు ఎగిరిపోవడం. వాలులో యాక్సిలరేటర్ వదలగానే లివర్ టక్కున న్యూట్రల్‌కు వచ్చేస్తుంది. బ్రేకు మీదే భారమంతా పడుతుంది. ఎగిరిపోతున్న గేరును మోకాలితో అదిమిపట్టి నడపడం జీపు డ్రైవర్లకు మామూలైపోయింది.

గేరు ఎందుకు ఎగిరిపోతుందో ఆలోచిస్తే జబ్బు ఉండే చోట్లు వరుసగా కనిపిస్తాయి. గేరు పడ్డాక దాన్ని అక్కడే నిలబెట్టేది చిన్న ఉక్కు గోలీ, దాని వెనకుండే స్ప్రింగు. స్ప్రింగు అలసినా, గోలీ కూర్చునే గుంట అరిగినా పట్టు పోతుంది. గేరును జరిపే షిఫ్టర్ ఫోర్క్ అరిగితే గేరు పూర్తి లోతుకు పోదు. పళ్ల అంచులు గుండ్రబడితే బరువు పడ్డప్పుడల్లా ఒకదాన్నొకటి బయటికి తోసుకుంటాయి. షాఫ్టుకు ముందూ వెనకా ఆట ఎక్కువైనా అంతే. ఇవన్నీ కాక, ఇంజిన్ కింది రబ్బరు మౌంటింగు చితికిపోయి మొత్తం బాక్సే ఊగుతుంటే, లోపల ఏ లోపమూ లేకుండానే గేరు వదిలేస్తుంది. తెలిసిన మెకానిక్ ముందు ఆ రబ్బరే చూస్తాడు. అది బాక్సు దించకుండా, తక్కువ ఖర్చుతో తేలే పని.

మోకాలి ఒత్తిడి అలవాటు మాత్రం జీపులతో పోలేదు. లివర్ మీద ఎప్పుడూ చేయి వేసుకుని నడిపే రూపంలో అది తర్వాతి కార్లలోకి వచ్చింది. లివర్ మీద చేయి బరువు పడినంతసేపూ లోపల ఫోర్కు తిరిగే స్లీవును రాసుకుంటూనే ఉంటుంది. బాగున్న బండిలో గేరు ఎగిరిపోవడానికి దారి వేసేది ఆ చేయే.

స్టీరింగ్ పక్కన లివర్

బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫియట్ 1100 చేసేది. 1970లలో దాని పేరు ప్రీమియర్ పద్మిని అయింది. రెండింటికీ నాలుగు గేర్లు, రెండింటికీ లివర్ స్టీరింగ్ కాలమ్ మీదే. ముందు సీటు బెంచీలా ఉండేది. డ్రైవర్ పక్కన ఇద్దరు ముగ్గురు సర్దుకున్నా గేరుకు అడ్డం వచ్చేవారు కాదు. ఆఫీసర్లకు, ఎమ్మెల్యేలకు తెల్ల అంబాసిడర్, పెళ్లికొడుక్కు పూల అంబాసిడర్, ఆసుపత్రికి అద్దె అంబాసిడర్ అన్నట్టుగా జిల్లాల్లో ఒక యుగం నడిచింది.

ఈ రెండు కార్లకూ ఫస్ట్ గేరుకు సింక్రో లేదు. బండి పూర్తిగా ఆగాకే ఫస్ట్ వేయాలి. స్పీడు బ్రేకరు దగ్గర మెల్లగా దొర్లుతున్నప్పుడు సెకండ్‌తోనే లాగించాలి, లేదా డబుల్ క్లచ్ కొట్టాలి. లారీ మీద పని నేర్చుకుని అంబాసిడర్‌కు వచ్చిన డ్రైవర్‌కు ఇది కొత్త కాదు. కారు మీదే నేర్చుకున్నవాళ్లు మాత్రం ఫస్ట్ గేరు పళ్లను గర్రుమనిపించి అరగదీశారు.

కాలమ్ లివర్‌కు సొంత జబ్బు ఇంకొకటి ఉంది, గేరు జామ్ కావడం. లివర్ కదలిక స్టీరింగ్ కాలమ్ వెంట కిందికి దిగి, రెండు చిన్న చేతులు, కొన్ని రాడ్ల ద్వారా బాక్సుకు చేరుతుంది. ఆ కీళ్లలో ఉండే బుష్షులు అరిగాయంటే ఒక గేరు పూర్తిగా వదలకముందే ఇంకొకటి అందుకుంటుంది. రెండూ సగం సగం పట్టుకుని లివర్ బిగుసుకుపోతుంది. నడిరోడ్డు మీద అంబాసిడర్ ఆగిపోవడం, డ్రైవర్ దిగి బానెట్ ఎత్తడం, కాలమ్ అడుగున చేయి పెట్టి ఆ చేతులను ఒక్కొక్కటిగా న్యూట్రల్‌కు నెట్టడం, చేయి తుడుచుకుని మళ్లీ సీట్లో కూర్చోవడం ఒకప్పుడు రోడ్ల మీద తరచూ కనిపించిన దృశ్యం. చూసేవాళ్లు గేర్ బాక్సు పోయిందనుకునేవారు. నిజానికి బాక్సుకు ఏమీ కాలేదు. బుష్షులు మార్చి, రాడ్ల పొడవు సర్ది, గ్రీజు పెడితే తీరిపోయేది. బాక్సు విప్పే ముందు బయటి కీళ్లు చూడాలన్న నియమం ఇక్కడే గట్టిపడింది. కేబుళ్లతో గేరు మార్చే నేటి కార్లకు కూడా ఆ నియమం వర్తిస్తుంది.

వెనక చక్రాలతో నడిచే ఈ కార్ల బాక్సులో చప్పుడును పట్టే తర్కం చాలా చక్కనిది. కింద లే షాఫ్ట్ ఉంటుంది, ఫస్ట్, సెకండ్, థర్డ్ గేర్లలో శక్తి దాని మీదుగానే పోతుంది. నాలుగో గేరులో మాత్రం పై షాఫ్టులు రెండూ నేరుగా కలిసిపోతాయి, లే షాఫ్ట్ తిరిగినా దాని మీద బరువుండదు. కాబట్టి మొదటి మూడు గేర్లలో మోగి నాలుగులో తగ్గిపోయే చప్పుడు లే షాఫ్ట్ బేరింగులది. ఒక్క గేరులోనే మోగితే ఆ గేరు పళ్లది. నాలుగు గేర్లలోనూ, న్యూట్రల్‌లో దొర్లుతున్నప్పుడూ బండి వేగాన్ని బట్టే మోగుతుంటే వెనక డిఫరెన్షియల్ వైపు వెళ్లాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రాగం, వదిలినప్పుడు ఇంకొక రాగం వస్తే అక్కడి క్రౌన్, పినియన్ చక్రాల మధ్య సర్దుబాటు తప్పిందని అర్థం. బండి కదిలే క్షణంలో కింద టక్ మంటే, బాక్సు నుంచి వెనక చక్రాలకు శక్తి మోసే జాయింట్ రాడ్ క్రాసు లూజైందన్న మాట.

బండి నిలబెట్టి కూడా కొంత తేల్చవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా న్యూట్రల్‌లో చప్పుడు వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగితే గేర్ బాక్సు ముందు షాఫ్ట్ బేరింగు చూడాలి. తొక్కినప్పుడే చప్పుడు మొదలైతే అది క్లచ్ రిలీజ్ బేరింగు. మొదటిదైతే బాక్సు విప్పాలి, రెండోదైతే క్లచ్ పనితో సరిపోతుంది.

ఆ కాలపు ఇంకొక అలవాటు ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో వాలు దిగడం. పెట్రోలు మిగులుతుందని చేసేవారు. ఈ బాక్సుల్లో నూనెను పైకి చిమ్మేది లే షాఫ్ట్ చక్రాలే. ఇంజిన్ ఆగిందంటే లే షాఫ్ట్ తిరగదు, పై షాఫ్ట్ మాత్రం టైర్లతో పాటు నూనె అందకుండా తిరుగుతుంటుంది. చెడిన బండిని తాడు కట్టి నాలుగు చక్రాల మీద దూరం లాక్కుపోయినా ఇదే నష్టం. అందుకే తెలిసినవాళ్లు దూరం లాగాల్సి వస్తే ముందు జాయింట్ రాడ్ విప్పేవారు.

షెడ్డులో ప్రశ్నలు

జిల్లాల్లో ఈ విద్య పుస్తకాల ద్వారా వచ్చింది తక్కువ. ఐటీఐల్లో మోటార్ మెకానిక్ కోర్సులు వచ్చినా, చెవి మాత్రం షెడ్డులోనే తయారైంది. ఉస్తాద్ దగ్గర శాగిర్దుగా చేరిన పిల్లవాడు ముందు కిరోసిన్‌లో నట్లు కడిగేవాడు. తర్వాత పానాల నంబర్లు నేర్చేవాడు. ఆ తర్వాతే బాక్సు దించేటప్పుడు అడుగున పట్టుకునే పని దక్కేది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను బాక్సుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని ఏ బేరింగు మోగుతోందో వినడం అందులో పెద్ద తరగతి పాఠం.

మంచి ఉస్తాద్ పానా పట్టే ముందు ప్రశ్నలు వేస్తాడు. పిట్లం వైపు మాటలో ఆ సంభాషణ ఇలా సాగుతుంది:

“గేరు పడ్తలేదు ఉస్తాద్.”

“ఏ గేరు? అన్నీనా, ఒకటేనా?”

“సెకండ్. గర్రుమంటుంది.”

“పొద్దుగాలనా, వేడైనంక కూడానా?”

“పొద్దుగాలనే ఎక్కువ.”

“ఆయిల్ ఎప్పుడు మార్చినవ్? ఏం పోసినవ్?”

ఈ మూడు ప్రశ్నల్లో సగం రోగం తేలిపోతుంది. అన్ని గేర్లూ, రివర్స్‌తో సహా మొరాయిస్తుంటే తప్పు గేర్లది కాదు, క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న బండిలో సిలిండర్ కారుతోందా, పైపులో గాలి చేరిందా చూడాలి. కేబుల్ క్లచ్ అయితే కేబుల్ సాగిందేమో చూడాలి. ఒక్క సెకండ్ గేరే, అదీ ఎప్పుడూ గర్రుమంటుంటే ఆ గేరు సింక్రో రింగు అరిగింది. పొద్దున్నే గట్టిగా ఉండి, వేడెక్కాక సర్దుకుంటుంటే ముందు అనుమానించాల్సింది నూనెను.

మారుతి వచ్చింది, నూనె మారలేదు

1983 డిసెంబరు 14న ఢిల్లీలో తొలి మారుతి 800 తాళాలు కొనుగోలుదారు చేతికి అందాయి. 796 సీసీ ఇంజిన్, ముందు చక్రాల నడక, నేల మీద లివర్. జాయింట్ రాడ్ లేదు, వెనక డిఫరెన్షియల్ లేదు. గేర్ బాక్సు, డిఫరెన్షియల్ రెండూ ఒకే పెట్టెలో, ఒకే నూనెలో ఉన్నాయి. ముందుకు పోయే గేర్లన్నిటికీ, ఫస్ట్‌తో సహా, సింక్రో వచ్చింది. డబుల్ క్లచ్ అవసరం తీరిపోయింది. తెలియనివాళ్లు కూడా హాయిగా నడపగల కారు అది.

అంబాసిడర్, జీపుల మీద చేయి తిరిగిన డ్రైవర్లు, మెకానిక్‌లు ఈ కారుకు తమ అలవాట్లన్నీ వెంట తెచ్చారు. వాటిలో అన్నిటికన్నా ఖరీదైనది 90 నంబరు నూనె. లారీ డిఫరెన్షియల్‌లో, ట్రాక్టర్‌లో పోసే చిక్కటి గేర్ ఆయిల్ డబ్బా ప్రతి షెడ్డులోనూ ఉంటుంది. అదే మారుతిలోనూ పోశారు. చిక్కదనం ఎక్కువైతే చలికాలం పొద్దున సింక్రో రింగు నూనె పొరను చీల్చుకుని చక్రాన్ని పట్టుకోలేదు. గేరు గట్టిగా అనిపిస్తుంది, డ్రైవర్ బలవంతం చేస్తాడు, రింగు అరుగుతుంది. డబ్బా మీద రాసి ఉండే ఇంకో గుర్తు కూడా ముఖ్యమే. జీఎల్-5 రకం నూనెలో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ. క్రౌన్, పినియన్ లాంటి చోట్ల భయంకరమైన ఒత్తిడిని అవి తట్టుకుంటాయి. వాటిలో కొన్ని ఇత్తడిని మాత్రం మెల్లగా తినేస్తాయి. ఇత్తడి సింక్రో రింగులున్న మాన్యువల్ బాక్సులకు జీఎల్-4 నూనె వాడమనడానికి కారణం అదే. కంపెనీ పుస్తకంలో రాసిన రకం, చిక్కదనం చూసి పోయడం కన్నా చౌకైన నివారణ గేర్ బాక్సుకు లేదు.

రెండో అలవాటు న్యూట్రల్ దిగుడు. కార్బురేటర్ బండిలో అది కొంత పెట్రోలు మిగిల్చిన మాట నిజమే. 2000 ప్రాంతం నుంచి మారుతులు ఇంధన ఇంజెక్షన్‌కు మారాయి. ఆ ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే కంప్యూటరు ఇంధనమే ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ నిలబడటానికి మళ్లీ పెట్రోలు పోయాలి. మిగిలేదేమీ లేదు, బ్రేకులు వేడెక్కడం అదనం.

మూడోది క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడపడం. సంతలో, జాతరలో, ట్రాక్టర్ ట్రాలీల వెనక నెమ్మదిగా పోయేటప్పుడు ఇది తెలియకుండానే జరుగుతుంది. రిలీజ్ బేరింగు ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది, ప్లేటు సగం జారుతూ వేడెక్కుతుంది. క్లచ్ జారుతోందేమో తెలుసుకోవడానికి షెడ్లలో పాత పరీక్ష ఒకటుంది. ముందు వెనక ఎవరూ లేని చోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, థర్డ్ గేరు వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి క్లచ్ వదలాలి. ఇంజిన్ వెంటనే ఆగిపోతే ప్లేటు బాగున్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అయిపోయినట్టు. ఈ పరీక్ష ఒక్కసారే చేయాలి. రెండు మూడు సార్లు చేస్తే మంచి ప్లేటు కూడా కాలుతుంది.

ముందు చక్రాల నడకతో కొత్త చప్పుడు ఒకటి వచ్చింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టకటకమంటుంది. అది గేర్ బాక్సుది కాదు, యాక్సిల్ చివరి జాయింటుది. దాన్ని కప్పే రబ్బరు బూటు చిరిగితే గ్రీజు బయటికి, మట్టి లోపలికి పోతాయి. బూటు చిరిగిన రోజే మార్చుకుంటే జాయింటు మిగులుతుంది. చప్పుడు మొదలయ్యాక బూటు మార్చి లాభం లేదు.

2014, క్లచ్ పెడల్ లేని కారు

2014 జనవరిలో మారుతి 800 తయారీ ఆగింది. ఫిబ్రవరిలో అదే కంపెనీ సెలేరియో వచ్చింది, క్లచ్‌ను, గేర్లను యంత్రమే మార్చే ఏఎంటీ కారు మన దేశంలో అమ్మకానికి రావడం దానితోనే మొదలు. మే నెలలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ లైను నిలిచిపోయింది. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఆనాటి ఏఎంటీ కార్లకు ఇప్పుడు పదేళ్లు దాటాయి. పాత కారు అంటే ఇప్పుడు అవి కూడా.

ఏఎంటీ లోపల ఉన్నది మామూలు మాన్యువల్ బాక్సే. క్లచ్ ప్లేటూ ఉంది, సింక్రో రింగులూ ఉన్నాయి. కాలు, చేయి చేసే పనిని మోటారు, హైడ్రాలిక్ యాక్చువేటర్, కంప్యూటరు చేస్తాయి. ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే మాన్యువల్ కారులో ప్లేటు ఎంత కాలుతుందో ఇందులోనూ అంతే కాలుతుంది. ఆటోమేటిక్ అన్న పేరు చూసి అలా చేసేవాళ్లే ఎక్కువ. గేరు ఆలస్యంగా పడటం, మీటరులో గేరు గుర్తు మిణుకుమిణుకుమనడం, బండి న్యూట్రల్‌లోనే ఉండిపోవడం దీని జబ్బు గుర్తులు. ఇక్కడ స్క్రూడ్రైవర్ చెవి చాలదు, స్కానర్ పెట్టి కోడ్లు చదవాలి. కానీ క్రమం మారలేదు. బ్యాటరీ బలం, వైర్ల కనెక్టర్లు, యాక్చువేటర్ నూనె, క్లచ్ మిగులు వరుసగా చూశాకే బాక్సు మాట ఎత్తాలి.

నూనె ద్వారానే శక్తిని పంపే అసలు ఆటోమేటిక్‌ది వేరే లోకం. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ 1940 మోడల్ కార్లతో హైడ్రా-మాటిక్ పేరున అది జనంలోకి వెళ్లింది. మన దగ్గర 1990ల దాకా అది అరుదైన వస్తువే. అందులో నూనే పనిముట్టు. ఎర్రగా పారదర్శకంగా ఉండాల్సిన నూనె గోధుమ రంగుకు తిరిగి, కాలిన వాసన వస్తే లోపల క్లచ్ పలకలు మాడుతున్నట్టు. నూనె మట్టం చాలా కార్లలో ఇంజిన్ వేడిగా నడుస్తుండగా చూడాలి. హోండా కార్లలో మాత్రం వేడెక్కాక ఇంజిన్ ఆపి, వెంటనే చూడాలి. ఈ తేడా తెలియక మట్టం తప్పు చదివి ఎక్కువ పోసినా చెరుపే, తక్కువ పోసినా చెరుపే.

నీళ్లు

నిజాంసాగర్ పక్కన ఉండే ఊళ్లకు ఇంకొక శత్రువు కూడా ఉంది. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాలో కుండపోత కురిసింది. వాగులు రోడ్లెక్కాయి, కార్లు నీట మునిగాయి. ఇలాంటప్పుడు అందరూ ఇంజిన్ గురించే భయపడతారు. కానీ గేర్ బాక్సుకూ ముప్పే. దాని మీద చిన్న గాలి గొట్టం ఉంటుంది, వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తే బయటికి పోవడానికి. వేడిగా ఉన్న బాక్సు ఒక్కసారి చల్లని వాగు నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. ఆ గొట్టంలో నుంచీ, అరిగిన ఆయిల్ సీళ్ల పక్క నుంచీ నీళ్లు లోపలికి లాగేస్తుంది. నీళ్లు కలిసిన నూనె పాలచాయ్ రంగుకు మారుతుంది. బండి అప్పుడు బాగానే నడుస్తుంది, బేరింగులు తుప్పు పట్టి మోగడం కొన్ని నెలల తర్వాత మొదలవుతుంది. అప్పటికి వాగు సంగతి ఎవరికీ గుర్తుండదు. చక్రం మధ్యభాగం దాకా నీళ్లలో దిగిన పాత కారుకు వారం లోపు గేర్ ఆయిల్ తీసి చూడటం మంచిది.

పాత కారు కొనేవాడి వరుస

పిట్లం ఉన్న కామారెడ్డి 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుంచి విడిపోయి జిల్లా అయింది, రిజిస్ట్రేషన్లకు సొంత నంబరు వచ్చింది. అయినా ఏపీ 25 పలకతో నిజామాబాదు నాటి కార్లు ఈ రోడ్ల మీద ఇంకా కనిపిస్తాయి. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత 5 ఏళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము బాగా పెరిగింది. రెన్యువల్‌కు దగ్గరపడ్డ కార్లు అందుకే చౌకగా చేతులు మారుతున్నాయి. ఆ కార్లకు విడి భాగాలు వెతకడానికి ఉస్తాద్‌లు హైదరాబాదు పుత్లీబౌలికో, సికింద్రాబాదు రాణిగంజ్‌కో పోవాల్సిందే. భాగం దొరకడం కష్టమైన కారుకు గేర్ బాక్సు పరీక్ష కొనకముందే జరగాలి.

ఆ పరీక్షకు చల్లగా ఉన్న ఇంజిన్ కావాలి. అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచితే పొద్దుటి జబ్బులు దాక్కుంటాయి. ముందు కింద చూడాలి, నూనె చెమ్మ ఉందా, సీళ్లు కారాయా, మౌంటింగు రబ్బర్లు చితికాయా. తర్వాత నిలబెట్టి క్లచ్ తొక్కి, వదిలి చప్పుళ్లు వినాలి. క్లచ్ పూర్తిగా తొక్కి మూడు క్షణాలు ఆగి రివర్స్ వేయాలి. అప్పటికీ గర్రుమంటే క్లచ్ విడవడం లేదు. రోడ్డెక్కాక ప్రతి గేరులోనూ ఒకసారి లాగించి, ఒక్కసారిగా వదిలి ఎగిరిపోతుందేమో చూడాలి. సెకండ్‌కు దిగడం రెండు మూడు సార్లు చేయాలి, సాధారణంగా ముందు అరిగేది దాని రింగే. చివరగా చక్రాలు పూర్తిగా తిప్పి సున్నా చుట్టాలి.

అనుమానం మిగిలితే నూనె తీయించాలి. ఇక్కడ కూడా వరుస ఉంది. ముందు నూనె పోసే పై బోల్టు విప్పి చూడాలి, ఆ తర్వాతే కింది బోల్టు. పై బోల్టు తుప్పు పట్టి రాకపోతే, ఖాళీ చేసిన బాక్సులో నూనె పోసే దారే ఉండదు. పై బోల్టు రంధ్రం అంచు దాకా వేలికి నూనె తగలాలి. తీసిన నూనెను తెల్ల గిన్నెలో వెలుతురులో చూడాలి. బంగారు రంగు మెరుపు సన్నగా తేలితే ఇత్తడి రింగులు అరుగుతున్నాయి, పాత కారులో కొంత మామూలే. అయస్కాంతానికి అంటిన బూడిద లాంటి పొడి కూడా మామూలే. గోటికి తగిలేంత ఉక్కు ముక్కలు ఉంటే పళ్లో, బేరింగో విరిగింది. పాలచాయ్ రంగుంటే నీళ్లు. మొదటి రెండింటికీ సరైన నూనె పోసి, వెయ్యి కిలోమీటర్లు తిప్పి మళ్లీ చూస్తే చాలు. నీళ్లు కలిస్తే రెండుసార్లు నూనె మార్చి, సీళ్లు వేసి చప్పుడు గమనించాలి. ముక్కలు దొరికితేనే బాక్సు దించే కూలి, భాగాల ధర లెక్కవేసి కారు ధరలో తగ్గించమని అడగాలి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే కామారెడ్డి దాకా పాత మారుతులు ఇంకా చాలానే అమ్మకానికి ఉన్నాయి.